వేలు నొక్కింది ఎక్కడ? స్టెల్లా న్యాంజి కేసు మీద ఒక క్రిమినల్ వకీలు నోట్సు

కొత్తగా చేరిన జూనియర్లకు నేను మొదట చదవమని ఇచ్చే ఫైలు మన దేశానిది కాదు, ఉగాండాది. నాంపల్లి కోర్టుల్లో పని నేర్చుకునేవాళ్లకి ఉగాండా రాజధాని కంపాలా గొడవ ఎందుకని అడిగినవాళ్లున్నారు. మనకి పరిచయమున్న కేసు అయితే ముద్దాయి మనవాడా కాదా అన్న దగ్గరే బుర్ర ఆగిపోతుంది, సెక్షను దాకా వెళ్లదు. ఈ కేసులో ముద్దాయి, దేశాధ్యక్షుణ్ణి ఫేస్‌బుక్‌లో తిట్టినందుకు జైలుకెళ్లిన స్టెల్లా న్యాంజి, మనకి ఏమీ కాదు. పైగా ఆమె రాసింది చదివితే చాలామందికి ఆమె మీద జాలి కూడా కలగదు. వకీలుకి ఇంతకన్నా మంచి అభ్యాసం ఉండదు.

ముందు మనిషి గురించి. స్టెల్లా న్యాంజి 1974లో పుట్టారు. వైద్య మానవశాస్త్రం ఆమె రంగం, డాక్టరేటు లండన్‌లో చేశారు. లైంగికత, ఆరోగ్యం, ఆడవాళ్ల శరీరాల మీద సమాజం పెత్తనం వంటివి ఆమె పరిశోధన విషయాలు. కంపాలాలోని మకెరెరె విశ్వవిద్యాలయంలో, సామాజిక పరిశోధన సంస్థలో పనిచేశారు. దాని డైరెక్టరు మహ్మూద్ మమ్దానితో పడక, తన ఆఫీసుకి తాళం పడిన రోజున, 2016 ఏప్రిల్‌లో, బట్టలు విప్పి నిరసన తెలిపారు. ఈ ముక్క ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఆమెను సాధువుగా చూపించి కేసు వాదించడం కుదరదు. అలా వాదించాల్సిన పని కూడా లేదు.

దేశం సంగతి రెండు ముక్కల్లో. అధ్యక్షుడు యోవేరి ముసెవేని 1986 జనవరి నుంచి అధికారంలో ఉన్నారు. అధ్యక్షుడికి 75 ఏళ్లు దాటకూడదన్న రాజ్యాంగ నిబంధనను 2017 డిసెంబరులో పార్లమెంటు తీసేసింది. భార్య జానెట్ ముసెవేని 2016లో విద్యాశాఖ మంత్రి అయ్యారు. అంటే విశ్వవిద్యాలయంలో పనిచేసే మనిషికి దేశాధినేతా, తన శాఖ మంత్రీ ఒకే ఇంటివాళ్లు.

ఇక గొడవ. బడికి వెళ్లే ఆడపిల్లలకు శానిటరీ ప్యాడ్లు ఉచితంగా ఇస్తామని ఎన్నికల్లో మాట ఇచ్చారు. 2017 ఫిబ్రవరిలో మంత్రిగా జానెట్ పార్లమెంటు కమిటీ ముందుకొచ్చి బడ్జెట్లో దానికి డబ్బు లేదన్నారు. న్యాంజి ఫేస్‌బుక్‌లో విరుచుకుపడ్డారు, జనం దగ్గర చందాలు పోగుచేసి తానే ప్యాడ్లు పంచడం మొదలుపెట్టారు. అంతకుముందే, జనవరి 28న, ముసెవేనిని లుగాండా భాషలో ‘మటాకో’ అని రాశారు. పిర్రలు అని అర్థం. ఇంట్లో చిన్నపిల్లాడి విషయంలో వాడితే ముద్దుగా ఉండే మాట, దేశాధ్యక్షుడి మీద వాడితే చార్జిషీట్లోకి ఎక్కింది. ఎక్కడమంటే అక్షరాలా ఎక్కింది. ప్రభుత్వమే ఆ మాటను ముద్రవేసి, కోర్టులో పైకి చదివి వినిపించింది. ఫేస్‌బుక్‌లో చూడనివాళ్లు కూడా అప్పుడు విన్నారు.

మార్చిలో ఆమెను ఎంటెబె విమానాశ్రయంలో ఆపేశారు. నెదర్లాండ్స్‌లో సదస్సుకి వెళ్తున్నారు. నెలాఖరుకి విశ్వవిద్యాలయం సస్పెండ్ చేసింది. ఏప్రిల్ 7 రాత్రి, రోటరీ క్లబ్బు సమావేశంలో మాట్లాడి బయటికొస్తుంటే అరెస్టు చేశారు. 10న బుగాండా రోడ్ మేజిస్ట్రేటు కోర్టులో పెట్టారు.

ఇక్కడ సెక్షన్ల దగ్గర కాస్త నిలబడాలి. ఆరోపణలు రెండూ 2011 కంప్యూటర్ దుర్వినియోగ చట్టం కిందివే. 24వ సెక్షను సైబర్ వేధింపు, శిక్ష మూడేళ్ల దాకా. 25వ సెక్షను నొప్పించే సమాచారం పంపడం, శిక్ష ఏడాది దాకా. ఈ చట్టం ఎప్పుడు పుట్టిందో చూడండి. తప్పుడు వార్తలు ప్రచురించడం నేరమన్న పాత సెక్షనును ఉగాండా సుప్రీంకోర్టు 2004లో ఇద్దరు పత్రికా రచయితల కేసులో కొట్టేసింది. ఒకరికి అబద్ధమనో అసహ్యమనో అనిపించినంత మాత్రాన మాటకు రాజ్యాంగ రక్షణ పోదని చెప్పింది. రాజద్రోహం సెక్షనును రాజ్యాంగ న్యాయస్థానం 2010లో కొట్టేసింది. తెల్లవాళ్లు వదిలిపోయిన రెండు పాత తాళాలూ ఊడాయి. ఆ మరుసటి ఏడాదే కంప్యూటర్ పేరుతో కొత్త గొళ్లెం బిగిసింది. చట్టం పెట్టినవాళ్ల మనసులో ఏముందో నేను చెప్పలేను. మోసాల్నీ హ్యాకింగునూ పట్టుకోవడానికి అలాంటి చట్టం కావలసిందే. కానీ పోలీసుస్టేషన్లో రైటరుకి ఏ సెక్షను ఖాళీగా కనిపిస్తే అదే వేస్తాడు. ఇది ఏ దేశంలోనైనా ఒకటే.

24వ సెక్షను మాటలు జాగ్రత్తగా చదివితే అది ఎవరి కోసం రాశారో తెలిసిపోతుంది. అసభ్యమైన ‘కోరిక, సూచన, ప్రతిపాదన’ చెయ్యడం, లేదా దెబ్బతీస్తానని బెదిరించడం. రాత్రిపూట ఆడపిల్లకి ఫోన్లో పిచ్చి మెసేజులు పెట్టేవాణ్ణి మనసులో పెట్టుకుని రాసిన సెక్షను అది. ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి వెళ్లే మాట గురించి. లోకమంతా చదివేలా గోడ మీద రాసిన తిట్టు గురించి కాదు. 25 ఇంకా విచిత్రం: ఒక వ్యక్తి ‘శాంతిని, ప్రశాంతతను, గోప్యతను’ కావాలని, పదేపదే భంగపరచడం. సరే, ఎవరి శాంతి? అధ్యక్షుడిది. అది భంగమైందని ఎవరు చెప్పాలి? ఆయనే బోనులోకి వచ్చి చెప్పాలి. ఆయన రాలేదు. తన నిద్ర చెడిందని చెప్పని మనిషి తరఫున ప్రభుత్వం నిద్రలేకుండా గడిపింది.

ఆ మొదటి దఫాలో నాకు అన్నిటికన్నా భయంగా అనిపించేది ఇంకొకటి. ముద్దాయికి మతి స్థిమితం ఉందో లేదో పరీక్ష చేయించాలని ప్రాసిక్యూషన్ పిటిషన్ వేసింది. ఆధారం 1938 నాటి మానసిక చికిత్స చట్టం, వలస పాలకులు చేసినది. అధ్యక్షుణ్ణి ఇలా తిట్టేవాళ్లు పిచ్చివాళ్లే అయ్యుండాలన్నది అందులో ఉన్న ఊహ. వకీలుగా ఆలోచిస్తే ఇది శిక్ష కన్నా ప్రమాదం. జైలుశిక్షకు ఒక తేదీ ఉంటుంది, ఆసుపత్రికి ఉండదు. పైగా ఒకసారి ఆ ముద్ర పడితే ఆ పరిశోధకురాలు అంతకుముందు రాసిన ప్రతి వ్యాసం మీదా అనుమానం పడుతుంది. ఆమె పరీక్షకు ఒప్పుకోలేదు. ఆమె తరఫున నికొలస్ ఒపియో, ఇతర వకీళ్లు దాన్ని గట్టిగా ఎదిరించి, చట్టాన్నే రాజ్యాంగ న్యాయస్థానంలో సవాలు చేశారు. నా దృష్టిలో మొత్తం కేసులో డిఫెన్సు చేసిన అత్యుత్తమమైన పని అదే. వార్తల్లో దానికి వచ్చిన చోటు మాత్రం చాలా తక్కువ.

33 రోజుల తర్వాత, మే 10న, బెయిల్ మీద వచ్చారు. ఒక మాట కోసం 33 రోజులు లుజిరా జైలు. తీర్పు లేదు, శిక్ష లేదు.

రెండో దఫా 2018లో. సెప్టెంబరు 15 ముసెవేని పుట్టినరోజు. మర్నాడు న్యాంజి ఫేస్‌బుక్‌లో ఒక కవిత పెట్టారు. అందులో ఆయన తల్లి ప్రసవాన్ని, తల్లి శరీరాన్ని పచ్చిగా వర్ణిస్తూ, ఆ పిండం బయటపడకుండా అక్కడే నశించి ఉంటే దేశానికి ఈ పాలన తప్పేదే అన్న భావం ఉంది. చదవడానికి కష్టంగా ఉంటుంది. మా ఆఫీసులో ఒక అమ్మాయి చదివి మడిచి పక్కన పెట్టేసి, “సార్, చనిపోయిన తల్లిని ఎందుకు లాగాలి? దీన్ని నేను వాదించలేను” అంది. “నిన్ను కవితను వాదించమనలేదమ్మా, సెక్షను చదవమన్నాను” అన్నాను. ఆ అమ్మాయి మొహంలో నచ్చనితనం పోలేదు. పోనక్కర్లేదు కూడా.

ఈ మాటకి ఒక వెనక కథ ఉంది, లేకపోతే ఇది ఒట్టి బూతుగా మిగిలిపోతుంది. ఉగాండాలో 1940లలో తెల్లదొరల మర్యాద భాషను కావాలని తెంచుతూ, పెద్దలకు పరమ మోటుగా ఉత్తరాలు రాయడం ఒక రాజకీయ పద్ధతిగా ఉండేది. మర్యాదగా మాట్లాడటమంటేనే వాళ్ల పెద్దరికాన్ని ఒప్పుకున్నట్టని వాళ్ల వాదన. న్యాంజి తనను ఆ వారసత్వంలోనే చూసుకున్నారు. మనకిది మరీ కొత్తేమీ కాదు. దాత మాట తప్పితే ఊరూపేరూ లేకుండా తిట్టుపద్యం కట్టిన కవులు మన దగ్గరా ఉన్నారు. వేములవాడ భీమకవి నోట తిట్టు పడితే జరిగి తీరుతుందని రాజులు భయపడ్డారని చెప్పుకుంటాం. ఎంత రాజులైనా తిట్టుకి వెల కట్టారు గానీ చార్జిషీటు వేయలేదు.

నవంబరు 2న అరెస్టయ్యారు, 9న అవే రెండు సెక్షన్లు పడ్డాయి. ఈసారి న్యాంజి చేసిన పని వకీళ్లకు మింగుడుపడనిది. బెయిల్ అడగడానికి ఆమె ఒప్పుకోలేదు. ఏ ముద్దాయినైనా ముందు బయటికి తెచ్చుకుని తర్వాత కేసు చూసుకుందామనేది మన వృత్తిలో తొలి పాఠం. ఇక్కడ కక్షిదారే లోపల ఉంటానంటోంది. జైలు గోడల మధ్యనే రాసింది, కాగితాలు చాటుమాటుగా బయటికి పంపింది. 2020లో అవి పుస్తకమయ్యాయి. లోపల తనను కొట్టారని, ఆ దెబ్బలకు గర్భం పోయిందని ఆమె చెప్పారు. 2018 డిసెంబరులో విశ్వవిద్యాలయం ఉద్యోగాలు పోయిన 45 మంది జాబితాలో ఆమె పేరూ వచ్చింది. ఆమె అప్పటికి జైల్లో ఉన్నారు. ఈ లెక్కలన్నీ చూస్తే బెయిల్ వద్దనడం తప్పని నేను అనేసేవాణ్ణి. ఇప్పుడు అంత ధైర్యంగా అనలేను. బెయిల్ మీద ఉన్న ముద్దాయికి వాయిదాల మీద వాయిదాలు పడతాయి, దేశం ఆమెను మరచిపోతుంది. లోపలున్న ముద్దాయి కేసు కదలాల్సి వస్తుంది. ఆమె తన రోజుల్ని పెట్టుబడిగా పెట్టారు. ఆ బేరం సరైనదో కాదో చెప్పాల్సింది జైల్లో ఉన్న మనిషే గానీ నల్లకోటు వేసుకుని సాయంత్రం ఇంటికి వెళ్లే మనం కాదు.

విచారణలో డిఫెన్సు సాక్షుల్ని పూర్తిగా విననివ్వకుండానే ఆమె వైపు కేసు ముగించేశారు. 2019 ఆగస్టు 1న మేజిస్ట్రేటు గ్లాడిస్ కమసాన్యు 25వ సెక్షను కింద నిర్దోషి అనీ, 24 కింద దోషి అనీ తేల్చారు. మర్నాడు 18 నెలల జైలు. అప్పటికే గడిపిన తొమ్మిది నెలలు పోను మిగతాది అనుభవించాలి. శిక్ష చెప్పేటప్పుడు ముద్దాయి కోర్టులో లేదు, లుజిరా నుంచి వీడియో తెర మీద ఉంది. స్వయంగా రానివ్వమని అడిగినా రానివ్వలేదు. ఆ తెర మీదే ఆమె రొమ్ములు చూపించి కేకలేశారు. కోర్టు హాల్లో ఎవరో విసిరిన సీసా మేజిస్ట్రేటుకి తగిలింది. ఆ రోజు ప్రపంచమంతా చూసింది ఈ రెండు దృశ్యాల్నే. నాకు మాత్రం ఆమె చెప్పిన మాట ముఖ్యం. నొప్పించాలనే రాశానని, ముప్పై ఏళ్లకు పైగా ఆయన మమ్మల్ని నొప్పిస్తూనే ఉన్నాడని ఆమె దాపరికం లేకుండా చెప్పారు. ఇది ఏ డిఫెన్సు వకీలూ తన కక్షిదారు నోట వినకూడదనుకునే మాట. ఉద్దేశం ఒప్పేసుకున్నట్టే కదా? కాదు. నొప్పించే ఉద్దేశం వేరు, ‘కోరిక, సూచన, ప్రతిపాదన’ చేసే ఉద్దేశం వేరు. 1944లో జరిగిపోయిన కాన్పు గురించి 2018లో ఎవరికి ఏం సూచన చేస్తారు? ఆ పసివాణ్ణి ఇప్పుడు ఎవరు ఆపగలరు? నేరం రుజువు కావడానికి సెక్షను అడిగే అంశాలు ఒక్కొక్కటే పక్కన పెట్టి చూస్తే ఈ శిక్ష నిలబడేది కాదని నా అభిప్రాయం.

అప్పీలులో ఆమెను కాపాడింది ఇది కాదు. 2020 ఫిబ్రవరి 20న హైకోర్టు జడ్జి హెన్రీ పీటర్ అడోన్యో శిక్షను కొట్టేశారు. కారణాలు రెండు: బుగాండా రోడ్ కోర్టుకు ఈ కేసు విచారించే పరిధి లేదు, ముద్దాయికి న్యాయమైన విచారణ దక్కలేదు. పరిధి అంటే, ఆ కవితను ఏ ఫోన్ మీద, ఏ ఊళ్లో కూర్చుని పోస్టు చేశారన్నది. ఆ కోర్టు పరిధిలోనే జరిగిందని ప్రాసిక్యూషన్ నిరూపించి ఉండాల్సింది. వేలు ఎక్కడ నొక్కిందో తేలకుండానే చెయ్యి కట్టేశారన్నమాట. పాము చావలేదు, కర్ర విరగలేదు. మనిషి బయటికొచ్చింది, 24వ సెక్షను అలాగే ఉంది, అధ్యక్షుణ్ణి తిట్టవచ్చా అన్న ప్రశ్న మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు.

లెక్క కూడా చూడండి. 2018 నవంబరు 2 నుంచి 2020 ఫిబ్రవరి 20 దాకా పదిహేనున్నర నెలలు. కాగితం మీద 18 నెలల శిక్షలో ఇంకా మిగిలింది రెండున్నర నెలలే. అప్పీలు గెలిచి మిగుల్చుకున్నది అంతే. ఆరోజు కోర్టు ఆవరణలో జైలు సిబ్బందితో తోపులాటలో ఆమె స్పృహ తప్పి పడిపోయారు.

మన దగ్గర ఈ పాయింటు ఇలా పనిచేయదని జూనియర్లకు ప్రత్యేకంగా చెప్తాను. మన పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 462వ సెక్షను ప్రకారం, తప్పు ప్రాంతంలో విచారణ జరిగిందన్న ఒక్క కారణంతో తీర్పు పోదు, దానివల్ల న్యాయం దెబ్బతిన్నదని చూపిస్తే తప్ప. 2024లో దాని స్థానంలో వచ్చిన కొత్త సంహితలోనూ ఆ సూత్రం అలాగే వచ్చింది. కాబట్టి ప్రాంతీయ పరిధి గురించి లేవనెత్తేదేదో మొదటి వాయిదాల్లోనే లేవనెత్తాలి, అప్పీలు దాకా జేబులో పెట్టుకుంటే అది మాసిపోతుంది. సోషల్ మీడియా కేసుల్లో ఇది మరీ అవసరం. హైదరాబాద్‌లో కూర్చుని పెట్టిన పోస్టు చదివి నొచ్చుకున్నవాడు ఏ జిల్లాలో ఉంటే అక్కడ ఎఫ్‌ఐఆర్ పడుతోంది. ఒకే పోస్టుకి మూడు జిల్లాల్లో కేసులు పడ్డ లెక్చరరు ఫైలు నా బల్ల మీదే ఉంది. ఆయన పోగొట్టుకున్నది తీర్పులో కాదు, బస్సుల్లో.

25వ సెక్షను మాటలు మనకెక్కడో విన్నట్టే ఉంటాయి. మన ఐటీ చట్టంలో 66ఏ ఉండేది. ‘చిరాకు’, ‘అసౌకర్యం’ కలిగించే మెసేజు పంపితే మూడేళ్లు. 2013 మేలో చీరాల ఎమ్మెల్యే మీద ఫేస్‌బుక్‌లో రాసినందుకు పౌరహక్కుల సంఘం నాయకురాలిని ఈ సెక్షను కిందే అరెస్టు చేస్తే, పై అధికారుల అనుమతి లేకుండా ఎవర్నీ అరెస్టు చెయ్యొద్దని సుప్రీంకోర్టు ఆ నెల్లోనే చెప్పాల్సి వచ్చింది. బెంగాల్లో ఒక రసాయనశాస్త్ర ఆచార్యుడు కార్టూన్ ఫార్వర్డ్ చేసినందుకు 2012లో అరెస్టయ్యారు. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు తీర్పుతో ఆ సెక్షను మొత్తం పోయింది. పోయిన సెక్షను కింద పోలీసులు ఇంకా కేసులు రాస్తున్నారని తెలిసి 2021లో అదే సుప్రీంకోర్టు నివ్వెరపోయింది. ఉగాండాలో 25కి ఆ గతి 2023 జనవరిలో పట్టింది. ఇద్దరు పౌరుల పిటిషన్ మీద రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని రద్దుచేసింది. ఇందులో తమాషా ఏమిటంటే, అది న్యాంజి నిర్దోషిగా బయటపడ్డ సెక్షను. ఆమెకి శిక్ష పడ్డ 24 ఆ పిటిషన్లో లేనేలేదు.

అప్పటికి ప్రభుత్వం ఖాళీగా కూర్చోలేదు. 2022 అక్టోబరులో ఆ చట్టానికి సవరణ తెచ్చి ద్వేషపూరిత సమాచారం, దురుద్దేశపు సమాచారం అంటూ కొత్త నేరాలు చేర్చింది. 2024 జులైలో 24 ఏళ్ల కుర్రాడికి, టిక్‌టాక్‌లో అధ్యక్షుణ్ణి, ఆయన భార్యను, కొడుకును తిట్టినందుకు ఆరేళ్లు పడింది. న్యాంజికి పడ్డ 18 నెలలకు ఇది నాలుగింతలు. ఆ కుర్రాడికి డాక్టరేటు లేదు, ప్రపంచ రచయితల సంఘాలు ఆమెకిచ్చినట్టు అవార్డులు ఇవ్వలేదు. చదువున్న మనిషి కేసు వార్తవుతుంది, మిగతావాళ్లది రిజిస్టరులో నంబరవుతుంది. ఈ వృత్తిలో నన్ను ఎక్కువ వేధించేది ఇదే.

ఆమె తర్వాత సంగతి క్లుప్తంగా. 2021 జనవరిలో కంపాలా మహిళా ఎంపీ సీటుకి ప్రతిపక్షం తరఫున పోటీచేసి ఓడిపోయారు. తన సహచరుణ్ణి పట్టుకుపోయాక కెన్యాకు వెళ్లిపోయారు. 2022లో పిల్లలతో జర్మనీ చేరారు.

ఫైలు చివర జూనియర్లకి నేనిచ్చే పని ఒకటే: నువ్వు 2018 నవంబరు 9న ఆమె వకాల్తా తీసుకున్నావనుకో, మొదటి రోజు ఏం రాస్తావు? చాలామంది వాక్ స్వేచ్ఛతో మొదలుపెట్టి పేజీలు నింపుతారు. కవిత పక్కన పెట్టేసిన ఆ అమ్మాయి మాత్రం అరపేజీ రాసుకొచ్చింది. పోస్టు పెట్టిన ఫోను ఎవరి దగ్గర దొరికింది, ఎక్కడ దొరికింది, పంచనామా ఉందా, ఖాతా ఆమెదేనని చెప్పే సాక్షి ఎవరు, శాంతి పోయినవాడు సాక్షుల జాబితాలో ఉన్నాడా. చివర్లో ‘కవిత నాకిప్పటికీ నచ్చలేదు’ అని కూడా రాసింది. ఆ కాగితం ఫైల్లోనే దాచాను.

వకీళ్ల సంగతి కూడా అందులోనే గుచ్చి ఉంచాను. మొదటి దఫాలో ఆమె తరఫున నిలబడ్డ ఒపియోని 2020 డిసెంబరులో మనీ లాండరింగ్ కేసులో ఎత్తుకెళ్లారు. వారానికి పైగా లోపల ఉంచారు, మరుసటి ఏడాది కేసు ఉపసంహరించుకున్నారు. రెండో దఫా వాదించిన ఐజాక్ సెమకాడ్డె 2024లో ఉగాండా న్యాయవాదుల సంఘానికి అధ్యక్షుడయ్యారు. 2025 ఫిబ్రవరిలో కోర్టు ధిక్కారం కింద ఆయనకు రెండేళ్లు పడింది. శిక్ష చదివిన రోజున ఆయన కూడా దేశం బయటే ఉన్నారు.